సాలూరి రాజేశ్వరరావుగారు

మన గ్రంథాలయము నెలకొని ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున వెలువడు ఈ సంచికకు ఎవరైన ఒక ప్రసిద్ధుని జీవితమును వ్రాసి ఇమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను తిక్కననో పోతననో ఎన్నుకొందునని వారు తలచియుందురు. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు గురువు లేకయే ఆ కవులను కూడబలుకుకొని చదివినవాడనని ఊరందరు ఎరుగుదురు. కాని ఈమారు ఒక పాటగాని చరిత్రమును ఎత్తుకొంటిని. దానికి కారణము గడచిన వేసవిలో మన గ్రంథాలయపు వెనుకగదిని గూర్చి పుట్టిన తగవు.

కొందరు కుర్రవాండ్రు గిటారును, డ్రమ్ములను తెచ్చి సాయంకాలములందు ఆ గదిలో పాటలు సాధన చేయుచుండిరి. పత్రికలు చదువవచ్చు పెద్దలు అది పాట కాదు, రణగొణధ్వని యనిరి. గదికి తాళము వేయవలెనని తీర్మానమైనది. ఆ తీర్మానమును వ్రాసినవాడను నేనే. వ్రాయుచు, సాలూరి రాజేశ్వరరావుగారి వంటివారి సంగీతము వినిన చెవులకు ఈ చప్పుడు తగదని ఒక వాక్యమును నా సొంతముగ చేర్చితిని. పిమ్మట ఆ రాజేశ్వరరావుగారు ఎట్టివారో, ఏ వయసున ఏమి చేసిరో తెలిసికొనుచుండగా ఆ వాక్యము నాకు ముల్లువలె గ్రుచ్చుకొనసాగినది. కావున వారి కథను మొదటినుండి చెప్పుచున్నాను.

రాజేశ్వరరావుగారు 1922 అక్టోబరు 11వ తేదీన సాలూరు చెంతనున్న శివరామపురమున జనించిరి. అప్పుడది విశాఖపట్టణము జిల్లాలోనిది. మన పలాసలో రైలెక్కి విజయనగరమున దిగి బొబ్బిలి మీదుగ పోవువారికి ఒక పూట ప్రయాణము. ఆయన మన ఉత్తరాంధ్రపు బిడ్డయే. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. వాయులీనమునకు మారుపేరైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి కచేరీలలో ప్రక్కన కూర్చుండి మృదంగము వాయించినవారు. పాటలు కట్టుటయు ఎరిగినవారు. అట్టి ఇంట పుట్టిన పిల్లవానికి అక్షరములకంటె ముందు తాళము పట్టుబడుట వింతకాదు. తమ్ముడు హనుమంతరావుగారును సంగీతదర్శకులైరి.

ఇంతవరకు వినినవారు, ఇక ఈ బాలుడు విజయనగరము సంగీతకళాశాలలో చేరి, కీర్తనలు వల్లించి, గొప్ప గాయకుడై సభలు చేసెనని తలతురు. అట్లు జరుగలేదు. పదునొకండు పండ్రెండేండ్ల ప్రాయమున హచ్చిన్స్ గ్రామఫోను కంపెనీవారు ఆయన గొంతును రికార్డులకెక్కించిరి. అక్కడనే దారి మారినది.

గ్రామఫోను రికార్డన నేమో ఇప్పటి పిల్లలకు కొంత చెప్పవలెను. అది లక్కతో చేసిన నల్లని పళ్లెము. నిమిషమునకు డెబ్బది యెనిమిది మారులు తిరుగును. ఒక్కొక్క వైపున పట్టునది ఇంచుమించు మూడు మూడున్నర నిమిషముల పాట. కచేరీలో విద్వాంసుడు రాగమును ఆలపించి, పల్లవిని విరిచి, స్వరము వేయుటకు అరగంటయైన చాలదు. మూడు నిమిషములలో ఆ వైభవమెక్కడ? అందుచేత ఆ పళ్లెమునకు తగిన పాట వేరుగ పుట్టవలసి వచ్చెను. మాట తేటగ వినబడవలెను, భావము మొదటి చరణముననే మనసుకెక్కవలెను, నడుమ వాద్యములు రెండు మూడు వరుసలు పలికి తప్పుకొనవలెను. దానికి తోడు 1925 మొదలు మైకు ముందర పాడించి విద్యుత్తుతో రికార్డు చేయు విధానము వచ్చినది. అంతకు పూర్వము మన నాటకముల నటులు తుదివరుస కూర్చున్నవానికి వినబడునట్లు హార్మోనియము హెచ్చుశ్రుతిలో పద్యము నెత్తి రాగము సాగదీసెడివారు. మైకు వచ్చిన పిదప చెవిలో చెప్పినంత మెల్లగ పాడినను పదివేల ఇండ్లలో వినబడును. ఈ రెండు మార్పులనుండియే లలితసంగీతమను క్రొత్తది పుట్టెను. ఆ క్రొత్తదానికి తెలుగునాట తగిన గొంతుక రాజేశ్వరరావుగారిది.

మా ఊరికి తొలి గ్రామఫోను రంగూనునుండి వచ్చెనట. ఉద్దానమునుండి ఆ రోజులలో ఎందరో ఓడలెక్కి బర్మాకు పనులకు పోయెడివారు. అట్లు పోయి వచ్చిన ఒక ఇంటివారి అరుగుమీద ఆ పెట్టె యుండెడిది. సాయంకాలము కీ ఇచ్చి ముల్లు మార్చి పాట పెట్టగనే జీడితోటలనుండి వచ్చు కుర్రవాండ్రందరు అక్కడ మూగెడివారు. మా తాతగారు పద్యనాటకములన్న చెవికోసికొనువారు. ఆ అరుగుమీది పాటలు ఆడంగివనియు, రహస్యము చెప్పుకొన్నట్లు పాడుట పాటగాదనియు వారి మతము. మా నాన్నగారిని ఆ అరుగు తొక్కరాదని కట్టడి చేసిరి. మా నాన్నగారు అరుగు తొక్కక, ఎదుటనున్న కొబ్బరిచెట్టు మొదట నిలుచుండి వినెడివారట. ఆ పాటలు పాడినవారిలో రాజేశ్వరరావుగారొకరు.

చరిత్రమునకు వత్తము. 1935లో వేల్ పిక్చర్సువారి శ్రీకృష్ణలీలలు చిత్రమున ఈ బాలుడే కృష్ణుడు. కంసుడు వేమూరి గగ్గయ్యగారు. గగ్గయ్యగారి గర్జనము ముందర పదుమూడేండ్ల పిల్లవాడు నిలిచి పాడి మెప్పించుట సామాన్యము కాదు. మరుసటి ఏడు మాయాబజారు చిత్రమున అభిమన్యుడైరి. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. ఇరువదియేండ్ల తరువాత దీనితో పనియున్నది.

పిమ్మట ఒక అరవచిత్రపు పనిమీద కలకత్తాకు పోయిరి. మదరాసునుండి కలకత్తాకు పోవు ఇనుపదారి మన పలాస మీదుగనే గదా! పదునైదేండ్లు నిండీనిండని ఆ కుర్రవాడు మన మందస కొండలను రైలుకిటికీనుండి చూచియుండునని తలచుకొనుట నాకొక ముచ్చట. పోయిన పని ముగిసినను ఆయన వెంటనే మరలి రాలేదు. కలకత్తాలో అప్పుడు న్యూ థియేటర్సు వెలుగుచుండెను. రాయ్‌చంద్ బొరాల్, పంకజ్ మల్లిక్, కుందన్‌లాల్ సైగల్ అక్కడివారు. సైగల్ గొంతెత్తకయే గుండెను తాకువాడు. పంకజ్ మల్లిక్ రవీంద్రుని గీతములను చలనచిత్రములలోనికి తెచ్చినవాడు. వారి సాన్నిధ్యమున ఇంచుమించు ఒక సంవత్సరము మెలగి, హిందూస్థానీ పోకడలను, వంగదేశపు గానమాధుర్యమును, వాద్యసమ్మేళనపు పద్ధతిని రాజేశ్వరరావుగారు ఒంటబట్టించుకొనిరి. మృదంగము ఇంటినుండి వచ్చినది. తబలా, సితారు, సుర్‌బహార్, మాండలిన్, పియానో, తుదకు విద్యుత్ గిటారు వరకు తామై నేర్చినవి.

విద్యుత్ గిటారు అన్న మాట చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని.

1938లో మదరాసు చేరిరి. 1939లో జయప్రద చిత్రమునకు సంగీతదర్శకత్వము వహించిరి, అప్పటికి పదునేడేండ్లవారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి ఇల్లాలు వచ్చినది. అందు బాలసరస్వతీదేవిగారితో కలిసి నటించి పాడిరి. ఆ జంట గొంతుకలు అటుపిమ్మట రికార్డులమీద తెలుగుదేశమంతట తిరిగినవి. రాధాకృష్ణుల ప్రణయకలహములు, తుమ్మెదలు, కోయిలలు, చల్లగాలులు వాని వస్తువులు. కాలేజీ హాస్టళ్లలో ఆ పాటలు రానివాడు చదువురానివానికంటె తక్కువ. నా ఉద్దేశమున మన యువజనులకు తమదియే యని చెప్పుకొనుటకు ఒక సంగీతము దొరకినది అప్పుడే. అంతకుముందు పిల్లలు పెద్దల పాటనే పాడెడివారు. ఆ సంవత్సరములందే మన రేడియోవారు హార్మోనియమును సైతము శాస్త్రీయము కాదని 1940లో వెలివేసిరి. ఏది సంగీతము, ఏది కాదు అను తగవు మన వెనుకగదిలో పుట్టినది కాదు.

సముద్రములకు ఆవల కూడ ఇట్టి కథయే జరిగెను. అమెరికాలో మెంఫిస్ అను నగరమున 1954లో ఎల్విస్ ప్రెస్లీ యను పందొమ్మిదేండ్ల లారీ డ్రైవరు, నీగ్రోలని అప్పుడు పిలువబడిన నల్లవారి పాటల ఊపును, తెల్లజాతి పల్లెవారి పాటల వరుసలను కలిపి పాడి రికార్డుచేసెను. రాక్ అండ్ రోల్ అను ఆ సంగీతమునకు గిటారు, డ్రమ్ము ప్రాణము. పిల్లలు వెఱ్ఱియెత్తి వినిరి. పెద్దలు ధర్మము చెడినదనిరి. 1957 జనవరిలో ఒక టెలివిజన్ వారు అతని నడుమునకు పైభాగము మాత్రమే చూపిరి, క్రింది ఊపు చూడరాదని! ఎల్విస్‌కును మన సాలూరివారికిని పోలిక యంటగట్టుట నా తాత్పర్యము కాదు. ఒకరు ఊపువారు, ఒకరు లాలించువారు. కాని ఇద్దరును క్రొత్తయంత్రమునకు తగిన క్రొత్తపాట కట్టినవారు; ఇద్దరును ఒకటికి మించిన వంశముల సంగీతమును కలిపినవారు; ఇద్దరి శ్రోతలును ఇంటిలో చీవాట్లు తినినవారు.

జెమినీ సంస్థలో చేరిన పిమ్మట రాజేశ్వరరావుగారు ఆ కలయికను ఇంకను ముందుకు తీసికొనిపోయిరి. 1948లో వాసన్‌గారి చంద్రలేఖ విడుదలయ్యెను. పెద్ద పెద్ద భేరీలమీద నాట్యకత్తెలు ఆడు ఆ ఘట్టమును చూడని తరము లేదు. ఆ చిత్రపు సంగీతమున కర్ణాటకము, హిందూస్థానీ, దక్షిణ అమెరికా నాట్యగతులు, ఐరోపావారి వాల్ట్జు నడక అన్నియు ఉన్నవి. మృదంగము వాయించువారి కుమారుడు డ్రమ్ములను చూచి వెనుదీయలేదు!

ఇక మల్లీశ్వరి. ఇచట కొంచెము నిలువవలెను. 1951 డిసెంబరున బి.ఎన్. రెడ్డిగారి ఈ చిత్రము వచ్చినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి చిత్రరచనలో అదియే మొదటిది. వాద్యసమ్మేళనమున అద్దేపల్లి రామారావుగారు తోడ్పడిరి. ఘంటసాలగారు, భానుమతిగారు పాడిరి. కథ కృష్ణదేవరాయల నాటిది. పాటలలో మన రాగముల సొంపు నిండియున్నది. అయినను విని చూడుడు: తంత్రీవాద్యములు గుంపుగ లేచి మేఘమువలె క్రమ్ముకొనుట, ఒక్క వేణువు విడిపోయి పలుకుట, ఇవి మన పాతకచేరీలలోనివి కావు. రాయలనాటి కథకు కలకత్తాలో నేర్చిన చేతివాటము వాడిరి. అయినను ఎవరికిని అది పరాయిదిగ తోచలేదు. మా తాతగారు టెక్కలిలో ఆ చిత్రము చూచి వచ్చి ఒక వారము ఏమియు మాటలాడలేదని మా నాయనమ్మ చెప్పెడిది. ఆ అరుగుమీది గొంతుగలవాడే ఈ వరుసలు కట్టెనని ఆయనకు తెలిసియుండదు. తెలిపి కలహము తెచ్చుకొనుట ఎందుకని మా నాన్నగారు ఊరకుండిరి.

1954లో విప్రనారాయణ, 1955లో మిస్సమ్మ వచ్చినవి. మిస్సమ్మ పాటలను గూర్చి తెలుగువారికి చెప్పవలసినది లేదు. 1957నాటి విజయావారి మాయాబజారునకు మొదట ఆయనయే దర్శకుడు. నాలుగు పాటలకు వరుసలు కట్టి విరమించుకొనిరి. మిగిలినది ఘంటసాలగారు పూరించిరి. ఆ నాలుగింటిలో శశిరేఖాభిమన్యుల యుగళగీతములు ఉన్నవి. ఇరువదియొక్క ఏండ్లక్రిందట తాను అభిమన్యుని వేషము కట్టి పాడిన మనుష్యుడు మరల ఆ అభిమన్యునికే వెన్నెలలో పాటలల్లుట విధివిలాసము. మొత్తము చిత్రము తమదిగ చెప్పుకొను కీర్తి జారిపోయెను. సగములో లేచిపోవుట వారి జీవితమున ఒక లోపమే యని నా అభిప్రాయము; లెక్కలవాడను గనుక పద్దు ముగింపక లేచినవానిని నేను మెచ్చలేను. అయిననేమి, ఆ నాలుగు పాటలు నిలిచినవి.

ఈ నడుమ మరియొక ముచ్చట. 1952లో కేంద్రమున సమాచారశాఖ మంత్రియైన కేస్కర్‌గారికి చలనచిత్రగీతములన్న కిట్టదు. ఆకాశవాణినుండి వానిని తగ్గించి తగ్గించి తొలగించిరి. దేశమంతయు శాస్త్రీయసంగీతము విని బాగుపడునని వారి ఆశ. జరిగినదేమి? కుర్రకారు రేడియో ముల్లును సింహళమువైపు త్రిప్పిరి. మా నాన్నగారు టెక్కలిలో చదువుకొనునాడు ఒక కాఫీహోటలులో సిలోను వినుటకై ఒక్క కప్పు కాఫీని గంటసేపు త్రాగెడివారట. తుదకు ప్రభుత్వమువారే 1957 అక్టోబరు 3న వివిధభారతిని నెలకొల్పి పాటలను మరల పిలిచికొనిరి.

1960 తరువాతి చిత్రములను త్వరగ చెప్పెదను. భార్యాభర్తలు, ఆరాధన, కులగోత్రాలు, డాక్టర్ చక్రవర్తి, పూలరంగడు: ఒక్కొక్కటి ఒక్కొక్క నిధి. 1964నాటి బొబ్బిలియుద్ధము వారిదే. పుట్టిన ఊరికి కొద్దిదూరముననున్న కోట కథకు తామే బాణీలు కట్టుట ఎంతమందికి లభించును? డెబ్బదులనుండి అవకాశములు క్రమముగ తగ్గినవి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించిరి. 1992లో రాష్ట్రప్రభుత్వపు రఘుపతి వెంకయ్య పురస్కారము వచ్చినది.

ఇచట నా కథ కొంత కలియును. 1984లో కరణీకములు రద్దగుటతో మా నాన్నగారు పని పోయి ఇంటనుండిరి. ఆయనకు మిగిలిన ఓదార్పు రాజేశ్వరరావుగారి పాటలు. నేనప్పుడు చదువుకొను కుర్రవాడను. కొన్నేండ్లకు కాశీబుగ్గలో కాసెట్లు కొని తెచ్చి, టేప్‌రికార్డరు హెచ్చుగ పెట్టి వినుచుంటిని. అవి రాజ్-కోటిగార్ల చిత్రగీతములు. డ్రమ్ము దరువులు, కీబోర్డు మెరుపులు కలవి. పెండ్లి ఊరేగింపులలో వానికి నేనును గంతులు వేసితిని. ఇప్పుడు దాచి ప్రయోజనము లేదు. మా నాన్నగారికి అది భరింపరాని చప్పుడు. రాజేశ్వరరావుగారు పుట్టిన గడ్డమీద ఇదేమి ఖర్మమని ఆయన ప్రతిదినము విసుగుకొనెడివారు.

ఆ జంటలోని కోటిగారు మరెవరో కాదు, రాజేశ్వరరావుగారి కుమారుడే యని నాకు ఒకనాడు ఒక సినిమా పత్రికలో కనబడెను. రాజ్‌గారును సంగీతదర్శకులైన టి.వి. రాజుగారి కుమారుడు. ఆ పత్రికను తీసికొనిపోయి మా నాన్నగారి యెదుట పెట్టితిని. గెలిచితినని నాకు గర్వము. ఆయన కళ్లజోడు పెట్టుకొని రెండుమారులు చదివిరి. కాసెట్టును మరల పెట్టుమనిరి. చివరివరకు వినిరి. నచ్చినదనలేదు. కాని ఒకచోట, వయొలిన్లు గుంపుగ లేచు తావున, చేతితో ఆగుమని సైగచేసి, వెనుకకు త్రిప్పి ఆ ముక్కను మరల వినిపింపుమనిరి. ఆ దినమునుండి టేప్‌రికార్డరును గూర్చి మా ఇంట మాట లేదు.

1999 అక్టోబరులో రాజేశ్వరరావుగారు పరమపదించిరి. ఆ నెల మనకు మరువరానిది. పదునేడవ తేదీప్రాంతమున గోపాలపురము దగ్గర ఒక తుపాను, మరి పండ్రెండు దినములకు పారాదీపువైపున మహాతుపాను. ఉద్దానమున కొబ్బరిచెట్లు పడి, కరెంటు లేక, పత్రికలు సరిగ రాక యుండగా ఆ వార్త మాకు ఆలస్యముగ తెలిసెను. మా నాన్నగారు పడిపోయిన కొబ్బరిచెట్టు మొద్దుమీద కూర్చుండి విని, ఏమియు అనక, కొంతసేపటికి ఏదో ఒక వరుసను గొంతులోనే అనుకొనసాగిరి. ఆయన పాడుట నేను వినినది ఆ ఒక్కమారే. తరువాత ఏడాది తిరిగీతిరగకుండ మన గ్రంథాలయమునకు పునాది పడినది. ఆయన తన పుస్తకముల పెట్టెను దీనికే ఇచ్చిరి.

ఈ వ్యాసము వ్రాయుచుండగా నేను కార్యవర్గమున వెనుకగది తాళమును గూర్చి మరల ప్రస్తావించి, తీర్మానములో నేను చేర్చిన వాక్యమును కొట్టివేయ అనుమతి కోరితిని. ఇద్దరు సభ్యులు ఒప్పుకొనలేదు. చదువుకొను చోట నిశ్శబ్దము కావలెనను వారి మాటలో న్యాయమున్నది. తుదకు పత్రికలగది మూసిన పిదప ఏడు గంటలనుండి ఎనిమిదిన్నర వరకు కుర్రవాండ్రకు గది ఇచ్చుటకు ఒప్పందము కుదిరినది. రజతోత్సవము నాటి సాయంకాలము వారు మల్లీశ్వరిలోని ఒక పాటను గిటారుమీద వాయింతురట. ఎట్లుండునో నాకు తెలియదు. వారు సాధనకు నన్ను రానీయుట లేదు. గిటారు తంత్రులకు ఆరువందల రూపాయలు అడిగిరి. ఉత్సవపు చిల్లరఖర్చుల పద్దులో వ్రాసి, రసీదు తెమ్మంటిని.